గల్లాపెట్టెకు గొంతొచ్చింది



2016 చివర్లో, పెద్దనోట్లు రద్దయిన కొద్ది వారాలకే, సిద్దిపేట దగ్గరి ఇబ్రహీంపూర్ పేరు దేశమంతా మోగింది. తెలంగాణలో తొలి నగదు రహిత గ్రామం అదేనన్నారు. ఊళ్లో వాళ్లకు బ్యాంకు కార్డులు ఇప్పించారు, కొట్లలో కార్డు గీసే మిషన్లు పెట్టించారు. అప్పటి మంత్రి హరీశ్‌రావు దత్తత తీసుకున్న ఊరు కావడంతో అధికారులు, విలేకరులు వరుస కట్టారు. అదే రోజుల్లో డిజిటల్ చెల్లింపులపై కేంద్రం వేసిన ముఖ్యమంత్రుల కమిటీకి కన్వీనర్ చంద్రబాబు నాయుడు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ పందెంలో ముందు వరుసలోనే నిలబడ్డాయన్నమాట. ఏడాది తిరిగేసరికి ఇబ్రహీంపూర్ కథ అడ్డం తిరిగింది. మిషన్‌కు నెలనెలా అద్దె కట్టలేక కొట్ల వాళ్లు వాటిని బ్యాంకుకే తిరిగి అప్పజెప్పారని పత్రికలు రాశాయి. ఊరు మళ్లీ నోట్లకూ చిల్లరకూ వచ్చేసింది.

ఇప్పుడు అదే సిద్దిపేట రోడ్డు మీద ఏ చాయ్ బండి దగ్గర ఆగినా "స్కానర్ ఉందా?" అనే మాట వినిపిస్తుంది. నిజానికి అక్కడ స్కానర్ ఏదీ ఉండదు. స్కాన్ చేసేది మన చేతిలోని ఫోను. బండికి అతికించినది వట్టి బొమ్మ కాగితం. అయినా జనం నోట ఆ కాగితమే స్కానర్ అయిపోయింది, ఇక దాన్ని దిద్దడం ఎవరి తరమూ కాదు. ఈ కాగితం పెట్టుకోవడానికి ఏ ఊరినీ ఎవరూ దత్తత తీసుకోనక్కర్లేకపోయింది. కార్డు మిషన్ ఓడిపోయిన చోట కాగితం ఎందుకు గెలిచింది? దాని పక్కన మాట్లాడే డబ్బా ఒకటి ఎందుకు వచ్చి కూర్చుంది? ఆ రెండూ కలిసి మన కొనుగోళ్లలో, కొట్టు వ్యాపారంలో ఏం మార్చాయి?

కాగితం సంగతి ముందు చూద్దాం. ఆ నలుపు తెలుపు గళ్ల బొమ్మ, అంటే క్యూఆర్ కోడ్, డబ్బు కోసం పుట్టింది కాదు. జపాన్‌లో కార్ల విడిభాగాలు తయారుచేసే డెన్సో సంస్థలో 1994లో పుట్టింది. అప్పటిదాకా వాడిన గీతల బార్‌కోడ్‌లో ఇరవై అక్షరాలకు మించి పట్టేవి కావు, దాంతో ఒక్కో పెట్టె మీద బోలెడు కోడ్‌లు చదవాల్సి వచ్చి కార్మికులు విసిగిపోయేవారు. మసాహిరో హారా అనే ఇంజనీరు దీనికి మందు వెతికారు. ఆయనకు గో ఆట సరదా. మన పులిజూదంలాగే అదీ గీతలు గీసిన పలక మీద ఆడే ఆట, నల్ల రాళ్లు, తెల్ల రాళ్లు పేరుస్తారు. ఆ రాళ్ల అమరిక చూస్తుంటేనే ఆలోచన తట్టిందని ఆయన చెప్పారు. బొమ్మ మూడు మూలల్లో పెద్ద చతురస్రాలు కనిపిస్తాయి కదా, తలకిందులుగా చూపించినా కోడ్‌ను గుర్తుపట్టడానికే అవి. బొమ్మలో 30 శాతం వరకూ మాసిపోయినా చదవగలిగేలా దీన్ని తయారుచేసుకోవచ్చు. కర్మాగారంలో నూనె, మట్టి అంటుతాయని పెట్టుకున్న ఆ జాగ్రత్త, ఇవాళ మన మిర్చి బజ్జీల బండి దగ్గర పనికొస్తోంది. ఇంకో మంచి పని కూడా ఆ సంస్థ చేసింది. పేటెంటు ఉన్నా దాన్ని అడ్డం పెట్టుకుని ఎవరినీ డబ్బు అడగలేదు. అలా అడిగి ఉంటే బజ్జీల బండి దాకా వచ్చేదే కాదు.

కాగితం వెనుక ఉన్న యంత్రాంగం మాత్రం మన దేశానిదే. రిజర్వు బ్యాంకు, బ్యాంకుల సంఘం చొరవతో 2008లో ఏర్పడిన నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ యూపీఐ అనే చెల్లింపుల వ్యవస్థను తయారుచేసింది. 2016 ఏప్రిల్ 11న అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నర్ రఘురామ్ రాజన్ ముంబైలో ప్రారంభించారు. అంటే నోట్ల రద్దుకు ఏడు నెలల ముందే అది సిద్ధంగా ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో జియో మొబైల్ నెట్‌వర్క్ వచ్చి, ఒక జీబీకి రెండొందలు పైబడి ఉన్న డేటా ధరను కొద్ది ఏళ్లలో పది పన్నెండు రూపాయల దాకా దించేసింది. నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు పోయాయి. మూడూ ఒకే ఏడాదిలో వచ్చిపడ్డాయి. యూపీఐ విజయాన్ని ఈ మూడింట్లో ఏ ఒక్కదాని ఖాతాలో వేసినా అది అతిశయమే.

"నా ఫోన్‌పేలో డబ్బులున్నాయి" అని చాలామంది అంటుంటారు. యూపీఐ చెల్లింపుల వరకూ అలా ఏమీ ఉండవు. ఫోన్‌పే అయినా గూగుల్ పే అయినా అది బ్యాంకు తలుపు దగ్గరి గుమాస్తా లాంటిదే. మీరు కాగితాన్ని స్కాన్ చేయగానే అందులో ఉన్న కొట్టువాడి చిరునామా మీ యాప్‌కు తెలుస్తుంది. మొత్తం కొట్టి, పిన్ నొక్కితే, మీ బ్యాంకు మీ ఖాతాలోంచి తగ్గిస్తుంది, నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ మధ్యలో నిలబడి అటు చెబుతుంది, కొట్టువాడి బ్యాంకు అతని ఖాతాలో జమ చేస్తుంది. ఇదంతా కొద్ది క్షణాల పని. కొట్టువాడికి కావలసిందల్లా బ్యాంకు ఖాతా, ఒక ఫోను, ఒక కాగితం. అద్దె లేదు, కరెంటు లేదు. 2020 జనవరి నుంచి కమీషన్ కూడా లేదు.

అందుకే అది ఎక్కడెక్కడికో పోయింది. 2021 నవంబరులో ఒక చిన్న వీడియో దేశమంతా తిరిగింది. అలంకరించిన గంగిరెద్దు, దాని నుదుటి మీద క్యూఆర్ కోడ్. ఎదురుగా ఉన్నాయన ఫోను తీసి ఎద్దు మొహాన్ని స్కాన్ చేసి కానుక పంపాడు. ఆంధ్ర, తెలంగాణల్లోని గంగిరెద్దుల వాళ్ల సంగతి చెబుతూ ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ స్వయంగా దాన్ని అందరికీ పంచారు. చూసి నవ్వినవాళ్లున్నారు. కానీ గంగిరెద్దులాయన కోణంలోంచి చూడండి. నెల మొదట్లో జీతం బ్యాంకులో పడే ఇంటి ముందు సన్నాయి ఊదితే, ఆ ఇంట్లో చేతికందే పది రూపాయల నోటు లేకపోతే అతనేం చేయాలి? ఎవరి డబ్బు ఎక్కడుంటే సంచి అక్కడికే పట్టాలి కదా.

అయితే కాగితానికి ఒక లోపం ఉంది. అది మూగది. డబ్బులు పడ్డాయో లేదో చెప్పదు.

నోటు చేతికి వస్తే చూడొచ్చు, వెలుతురులో పట్టుకుని తడమొచ్చు. ఫోనులో పడే డబ్బుకు ఆ సుఖం లేదు. సాయంత్రం ఆరింటికి టిఫిన్ బండి చుట్టూ పదిహేను మంది. ఒక చేత్తో పిండి, ఒక చేత్తో గరిటె. ఎవరో "కొట్టేశానక్కా" అంటూ ఫోను తిప్పి చూపించి వెళ్లిపోతారు. అది నిజంగా ఇప్పటి చెల్లింపా, నిన్న తీసి దాచుకున్న స్క్రీన్‌షాటా? అచ్చం అసలుదానిలా ఆకుపచ్చ టిక్కు చూపించే నకిలీ యాప్‌లూ పుట్టుకొచ్చాయి. మెసేజ్ చూద్దామంటే అది ఆలస్యంగా వస్తుంది. ఒక్కోసారి బ్యాంకుకు ఇచ్చిన నంబరు ఉన్న ఫోను ఇంట్లో భర్త దగ్గరో, కాలేజీకెళ్లిన కొడుకు దగ్గరో ఉంటుంది. రాత్రి లెక్క చూసుకుంటే ఎక్కడో నూట యాభై తేడా. అడగడానికి మనిషి లేడు.

ఆ తేడా పూడ్చడానికి వచ్చిందే సౌండ్‌బాక్సు. మన దగ్గర 2019-20 ప్రాంతంలో పేటీఎం దీన్ని మొదలుపెట్టింది, 2022లో ఫోన్‌పే తన డబ్బా తెచ్చింది. లోపల ఒక సిమ్ కార్డు, ఒక బ్యాటరీ, ఒక స్పీకరు, అంతే. కొనుగోలుదారు ఫోనుతో దానికి సంబంధమే లేదు. బ్యాంకు నుంచి జమ కబురు కంపెనీ సర్వరుకు చేరాక, అక్కడి నుంచి డబ్బాకు సంకేతం వస్తుంది. ముందే రికార్డు చేసిపెట్టిన ముక్కలు, అంకెలు కలుపుకుని తెలుగులో గట్టిగా చదువుతుంది. స్క్రీన్‌షాట్ చూపించినవాడికి డబ్బా పలకదు. పిండి చేతులతో ఉన్న మనిషి తల ఎత్తనక్కర్లేదు, చెవి ఉంటే చాలు.

ఇక్కడ రేడియో వినేవాళ్లు కాస్త గర్వపడవచ్చు. తెర మీద చూపించేదే గొప్ప అని అందరూ నమ్ముతున్న కాలంలో, కోట్ల రూపాయల పరిశ్రమ తన చిక్కుముడిని విప్పుకోవడానికి చివరికి చెవినే ఆశ్రయించింది. తమాషా ఏమిటంటే, గూగుల్ 2017లో తేజ్ అనే పేరుతో తన చెల్లింపుల యాప్‌ను తెచ్చినప్పుడూ శబ్దాన్నే నమ్ముకుంది. కాకపోతే అది మనిషి చెవికి వినబడని శబ్దం, ఒక ఫోను మరో ఫోనును గుర్తుపట్టడానికి. ఆ వినబడని శబ్దం తెరమరుగైంది. బజారంతా వినబడే శబ్దమే నిలిచింది.

అసలు డబ్బును పైకి చదవడం మనకు కొత్తా? పెళ్లిలో చదివింపులంటే ఏమిటి? ఫలానా వారు ఇంత అని మైకులో చదివి పుస్తకంలో రాసుకోవడమే కదా. ఇచ్చినవారికీ తృప్తి, పుచ్చుకున్నవారికీ లెక్క, నలుగురి సాక్ష్యం. సౌండ్‌బాక్సు చేస్తున్నది రోజంతా సాగే చదివింపులే. ఆ చదివే గొంతుకు కూడా తారాబలం తోడైంది. ఫోన్‌పే 2024లో తెలుగు డబ్బాలకు మహేశ్‌బాబు గొంతు పెట్టింది. అంతకు ముందే హిందీకి అమితాబ్ బచ్చన్. ఇడ్లీ తిని ముప్పై రూపాయలు కొడితే సూపర్‌స్టార్ ధన్యవాదాలు చెబుతున్నాడంటే, ఇరవై ఏళ్ల క్రితం ఎవరైనా నమ్మేవారా?

ఇక వ్యాపారంలో వచ్చిన మార్పులు. అన్నిటికన్నా ముందు పోయింది చిల్లర గొడవ. పదిహేడు రూపాయల సరుకుకు ఇరవై ఇస్తే మూడు రూపాయలకు బదులు మూడు చాక్లెట్లు చేతిలో పెట్టే ఆచారం, బస్సులో కండక్టరు టికెట్ వెనకాల బాకీ రాసిచ్చి దిగేటప్పుడు మనం మర్చిపోవడం, ఇవన్నీ చిన్న నష్టాలే కానీ రోజూ జరిగేవి. ఇప్పుడు పదిహేడంటే పదిహేడే. ఐదు రూపాయల చాయ్‌కి, పది రూపాయల కొత్తిమీరకు కూడా ఫోను తీస్తున్నారు. పోనిది ఒకటుంది, బోణీ. పొద్దున తొలి బేరం డబ్బు కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేయడం అలవాటైన పెద్దవాళ్లు "బోణీ బేరం, క్యాషే ఇవ్వండి" అని ఇప్పటికీ అడుగుతారు. డబ్బా పలికిన మాటను కళ్లకు ఎలా అద్దుకుంటారు మరి!

అంతకన్నా పెద్ద మార్పు అప్పులో వచ్చింది. తోపుడు బండి వ్యాపారికి బ్యాంకు అప్పు పుట్టేది కాదు, ఎందుకంటే అతని అమ్మకానికి కాగితం మీద రుజువు లేదు. పొద్దున తొమ్మిది వందలు చేతికిచ్చి సాయంత్రానికి వెయ్యి వసూలు చేసుకునేవాళ్లే దిక్కు. తెలంగాణలో గిరిగిరి అనే రోజువారీ వడ్డీ వ్యవహారం ఎంతమందిని తినేసిందో అందరికీ తెలుసు. ఇప్పుడు రోజూ ఎంత పడుతోందో బ్యాంకు ఖాతాలోనే కనిపిస్తోంది. 2020లో కేంద్రం వీధి వ్యాపారులకు తెచ్చిన స్వనిధి పథకంలో మొదట పదివేలు, అది తీరిస్తే ఇరవై, ఆపైన యాభై వేల అప్పు ఇచ్చారు. డిజిటల్‌గా వసూలు చేసుకుంటే నెలకు వంద రూపాయల దాకా బహుమానమూ కలిపారు. చెల్లింపుల కంపెనీలు కూడా డబ్బాలో పలికే మొత్తాన్ని చూసి తమతో కలిసిన సంస్థల నుంచి అప్పు ఇప్పిస్తున్నాయి, వాయిదాను రోజువారీ వసూళ్లలోంచి కోసుకుంటున్నాయి. సౌకర్యమే. కానీ ముసురుపట్టి బేరం లేని రోజుల్లోనూ ఆ అప్పు ఉంటుంది, మొత్తం మీద వడ్డీ ఎంత పడుతోందో అడిగి తెలుసుకోకపోతే పాత గిరిగిరికీ దీనికీ తేడా ఫోను ఒక్కటే.

అదే ఫోను కిరాణా కొట్టుకు పోటీదారును కూడా తెచ్చింది. గ్రోఫర్స్ పేరు మార్చుకుని బ్లింకిట్ అయిన 2021 నుంచి పది నిమిషాల్లో సరుకు తెస్తామనే యాప్‌లు హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల్లో మొబైల్ తెరకెక్కాయి. మరోపక్క పెద్ద కంపెనీలు కొట్లవాళ్లకే నేరుగా ఆర్డరు యాప్‌లు ఇచ్చాయి, హిందుస్తాన్ యూనీలీవర్ వారి శిఖర్ అలాంటిదే. మధ్యలో ఉండే పంపిణీదారు, బండి వేసుకుని వచ్చి ఆర్డరు రాసుకుపోయే సేల్స్‌మన్ తమ నోటి దగ్గర కూడు పోతోందని మొర పెట్టుకున్నారు. అది ఇంకా తెగని పంచాయితీ.

ఇంతవరకూ బాగానే ఉంది, డబ్బా పలికిన లెక్కను ఇంకెవరూ విననంతవరకు. 2025 జులైలో బెంగళూరులో ఒక వింత జరిగింది. ఇంతకాలం క్యూఆర్ కాగితాలు అంటించుకున్న బేకరీలు, టీ కొట్లు, పాన్‌షాపుల వాళ్లు వాటిని పీకేసి "యూపీఐ లేదు, క్యాష్ మాత్రమే" అని బోర్డులు పెట్టారు. కారణం, కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు తీసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపడం. సరుకులు అమ్మేవారు ఏడాదికి 40 లక్షలు, సేవలు అందించేవారు 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి, మీ ఖాతాలో అంతకు మించి పడ్డాయి, నాలుగేళ్ల బాకీ కట్టండి అన్నారు. పన్నే లేని కూరగాయలు అమ్ముకునే వ్యాపారికీ లక్షల నోటీసు వచ్చింది. ఆ ఖాతాలో అన్నదమ్ములు పంపినదీ, చేబదులు తిరిగొచ్చినదీ అన్నీ అమ్మకమే అనుకుంటే లెక్క అలాగే తేలుతుంది. గొడవ పెద్దదయ్యాక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వ్యాపారులతో మాట్లాడి, పాత బాకీల కోసం పట్టుబట్టబోమని సర్దిచెప్పారు. చట్టం ప్రకారం శాఖది తప్పు కాకపోవచ్చు. కానీ ఇన్నాళ్లూ కాగితం అంటించుకోమని ప్రోత్సహించి, అంటించుకున్నాక అదే కాగితాన్ని సాక్షిగా నిలబెడితే చిన్నవాడు బెదరడా? ముందే చెప్పి, నేర్పి, తర్వాత అడగాల్సిన పని అది.

మరో చిక్కు ప్రశ్న ఉంది. కమీషన్ లేదంటున్నాం, మరి ఖర్చెవరు పెడుతున్నారు? కొంత ప్రభుత్వం. రెండు వేల లోపు చిన్న చెల్లింపుల ప్రోత్సాహానికి 2024-25 సంవత్సరానికి 1,500 కోట్లు కేటాయించింది. కొంత బ్యాంకులు. కొంత డబ్బా అద్దె రూపంలో కొట్టువాడే, నెలకు వంద, నూట పాతిక. ఇబ్రహీంపూర్‌లో మిషన్‌ను వెళ్లగొట్టిన అద్దె ఇలా చిన్నదై దొడ్డిదారిన మళ్లీ వచ్చింది. యూపీఐ లావాదేవీల్లో దాదాపు ఐదింట నాలుగు వంతులు ఫోన్‌పే, గూగుల్ పేల ద్వారానే జరుగుతున్నాయి. ఒకదానిలో అధిక వాటా అమెరికా వాల్‌మార్ట్‌ది, రెండోది గూగుల్‌దే. ఏ ఒక్క యాప్‌కూ 30 శాతానికి మించి వాటా ఉండకూడదని 2020లోనే నియమం పెట్టారు, గడువును మాత్రం జరుపుకుంటూ 2026 డిసెంబరు 31 దాకా తెచ్చారు. రోడ్డు మనది, దాని మీద తిరిగే బస్సుల్లో ఎక్కువ భాగం వేరేవాళ్లవి.

ఇన్ని ఉన్నా పరుగు ఆగలేదు. 2019 అక్టోబరులో నెలకు వంద కోట్ల లావాదేవీలు దాటిన యూపీఐ, 2023 ఆగస్టులో వెయ్యి కోట్లు, 2025 ఆగస్టులో రెండు వేల కోట్లు దాటింది. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న మనవాళ్లు అక్కడి ఫోను నంబరుతోనే ఇక్కడి ఎన్నారై ఖాతా నుంచి చెల్లించుకునే వీలు కూడా 2023లో వచ్చింది. అలాగని నోటు చచ్చిపోయిందనుకోవద్దు. నోట్ల రద్దుకు ముందు చలామణిలో ఉన్న నగదు సుమారు 18 లక్షల కోట్లు. 2024 మార్చి నాటికి అది దాదాపు 35 లక్షల కోట్లు. చాయ్ డబ్బులు ఫోనులోకి వెళ్లాయి, బీరువాలోని నోట్లు బీరువాలోనే ఉన్నాయి. 2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న యూపీఐ మొరాయించినప్పుడు, జేబులో ఒక్క నోటూ లేకుండా బయల్దేరినవాళ్లు హోటల్ కౌంటర్ల దగ్గర నిలబడి తెల్లమొహాలు వేశారు. రెండు వందలు జేబులో ఉంచుకోవడం చాదస్తమేమీ కాదు.

ఇక దొంగల సంగతి. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో ఎవరో రాత్రికి రాత్రి కొట్ల ముందున్న క్యూఆర్ కాగితాల మీద తమ కాగితాలు అంటించి పోయారు. పొద్దున స్కాన్ చేస్తే వేరే పేరు రావడంతో బయటపడింది. కాబట్టి కొట్లవాళ్లు తలుపు తీయగానే ఒకసారి తమ కాగితాన్ని తామే స్కాన్ చేసి చూసుకోవాలి. కొనేవాళ్లు పిన్ నొక్కే ముందు తెర మీద వచ్చిన పేరు చదివి కొట్టువాడికి వినిపించాలి. డబ్బు అడుగుతూ మన ఫోనుకు అభ్యర్థన పంపి పిన్ నొక్కించే మోసం ఎక్కువ కావడంతో, మనిషికీ మనిషికీ మధ్య అలాంటి అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. అయినా పాత సోఫా అమ్మకానికి పెడితే "మీకు డబ్బు పంపుతున్నాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఫోన్లు చేసేవాళ్లు ఉంటూనే ఉన్నారు.

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ సంగతి ఈ రోజే చెప్పండి. ఒకవేళ మోసపోతే మొహమాటపడి రేపటిదాకా ఆగకుండా వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు దొంగ ఖాతా దాటిపోకుండా బ్యాంకు నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.